ఎల్ఈడీ కింద కలిసిన జాకెట్టు గుడ్డ ఎండలో ఎందుకు కలవదు?

#1 కుట్టుమిషన్
నేవీ బ్లూ పట్టుచీర. మ్యాచింగ్ సెంటర్‌లో ఎల్ఈడీ ట్యూబు కింద పెట్టి చూస్తే నూలు జాకెట్టు గుడ్డ చీరలో కలిసిపోయింది. గుమ్మం దాటి ఎండలోకి రాగానే గుడ్డ ఎర్రజీర కొడుతోంది, చీర మాత్రం నీలంగానే ఉంది. పాత ఫిలమెంటు బల్బు కింద తేడా ఇంకా కొట్టొచ్చినట్టుంది. ఎండా తెల్లనిదే, ట్యూబూ తెల్లనిదే. మరి తేడా ఎక్కడ? వీటిలో ఏది అసలు రంగు? కొనేముందే తేల్చుకునే పద్ధతి ఉంటే చెప్పండి.

#2 ఏడురంగులు
చిక్కంతా "అసలు రంగు" అన్న మాటలోనే ఉందండి. బట్టకు ఉండేది ఒక గుణం: ఏ తరంగదైర్ఘ్యం వెలుగును ఎంత శాతం తిప్పి పంపుతుంది అన్నది. దాని మీద పడే వెలుగు ఇంకొకటి, చూసే కన్ను మూడోది. ఈ మూడూ గుణించుకుంటే వచ్చేదే రంగు. వెలుగు మారితే లెక్క మారుతుంది.

కంట్లో రంగు చూసే శంకు కణాలు మూడు రకాలు. ఒకటి 420 నానోమీటర్ల దగ్గర, రెండోది 530 దగ్గర, మూడోది 560 దగ్గర గట్టిగా స్పందిస్తాయి. 400 నుంచి 700 దాకా ఉన్న వెలుగు మొత్తం మెదడుకు చేరేసరికి మూడు అంకెలైపోతుంది. ఆ మూడు అంకెలు ఒకటే అయితే రెండు బట్టలూ ఒకే రంగు అంటుంది కన్ను, లోపల వాటి గుణం ఎంత వేరైనా సరే. మీ చీరకూ గుడ్డకూ జరిగింది ఇదే. దీన్ని మెటామెరిజం అంటారు.

చిన్న లెక్క వేద్దాం. అర్థం కావడానికి వేసుకున్న అంకెలే ఇవి. ఎరుపు వైపు రెండు చోట్లే తీసుకుందాం: 600, 660 నానోమీటర్లు. కంటికి 660 వెలుగు 600 వెలుగులో ఆరో వంతే లెక్క. కాబట్టి 600కి బరువు 6, 660కి బరువు 1.

చీర 600 దగ్గర 10 శాతం, 660 దగ్గర 10 శాతం తిప్పి పంపుతుంది. గుడ్డ 600 దగ్గర 8 శాతం, 660 దగ్గర 40 శాతం.

ఎల్ఈడీలో 660 వెలుగు 600లో 0.4 వంతే ఉందనుకోండి. చీరకు 60, 4 కలిపి 64. గుడ్డకు 48, 16 కలిపి అదే 64. కన్ను "కలిసింది" అంటుంది.

ఎండలో రెండూ దాదాపు సమానం. చీరకు 60, 10 కలిపి 70. గుడ్డకు 48, 40 కలిపి 88. ఇదే మీరు చూసిన ఎర్రజీర.

ఫిలమెంటు బల్బులో 660 ఇంకా ఎక్కువ, 1.3 వంతు అనుకుంటే చీరకు 73, గుడ్డకు 100. తేడా పెరుగుతుంది.

బట్ట మారలేదు, కన్ను మారలేదు. లాంతరు మారింది, అంతే.

#3 రంగులగుండిగ
పై లెక్కకు అద్దకం వైపు నుంచి కారణం చెబుతాను. పట్టుకు వేసేవి యాసిడ్ రంగులు, మెటల్ కాంప్లెక్స్ రంగులు. నూలుకు రియాక్టివ్ రంగులు. పాలిస్టర్‌కు డిస్పర్స్ రంగులు. పేరుకు అన్నీ నేవీ బ్లూలే, అణువులు మాత్రం వేరు. నీలం రంగుల్లో చాలావాటికి 650 దాటాక పరావర్తనం ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఎక్కడ లేస్తుంది, ఎంత నిటారుగా లేస్తుంది అన్నది రంగును బట్టి మారుతుంది. పట్టుచీరకు నూలు జాకెట్టు కలపాలంటే ఈ తేడా పూర్తిగా పోదు, తగ్గించుకోవడమే.

ఒకే రకం చిలపల్లో (దారపు లడుల్లో) కూడా ఈ తప్పు రావడానికి ముఖ్యమైన దారి ఒకటుంది. పసుపు, ఎరుపు, నీలం మూడు రంగులతో రెసిపీ మొదలుపెడతారు. షేడు కొంచెం తగ్గిందని చివర్లో చిటికెడు వేరే రకం వయొలెట్ వేసి సరిచేస్తారు. ఆ గదిలో ఉన్న లైటు కింద సరిపోతుంది, బయట బయటపడుతుంది. సరిచేయాల్సి వస్తే ఆ మూడు రంగులతోనే సరిచేయాలి. లేదంటే గుండిగ పారబోసి మళ్ళీ మొదలుపెట్టడమే మేలు.

షేడు ఒప్పుకునే ముందు లైట్ బాక్సులో కనీసం రెండు దీపాల కింద చూడాలి. బాక్సులో మామూలుగా ఉండేవి: పగటి వెలుగుకు డీ65, షాపు వెలుగుకు టీఎల్84, ఫిలమెంటు వెలుగుకు ఎ. డీ65 కింద కలిసి ఎ కింద విడిపోతే ఆ రెసిపీ పనికిరాదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఇస్త్రీ దిగిన గుడ్డను వెంటనే చూడొద్దు, వేడికి కొన్ని రంగులు కాసేపు మారతాయి. చల్లారి గదిలోని తేమ పట్టేదాకా ఆగండి. తడి గుడ్డను అసలే చూడొద్దు. నూలు పోగుల మధ్య గాలి ఉన్నచోట నీరు చేరితే వెలుగు చెదరడం తగ్గి లోపలికి దిగిపోతుంది, అందుకే తడిబట్ట ముదురుగా కనిపిస్తుంది.

#4 చందమామకథ
ఎల్ఈడీ ప్యాకెట్ మీద 6500 కెల్విన్, కూల్ డేలైట్ అని ఉంటుంది కదా. డీ65 అంటే కూడా 6500 దగ్గరే అంటారు. అంటే రెండూ ఒకటే కదండీ?

#5 చోక్‌కాయిల్
కాదండి. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. కెల్విన్ అంకె చెప్పేది తెలుపు ఎటు మొగ్గింది అని మాత్రమే: 2700 అయితే పసుపు వైపు, 6500 అయితే నీలం వైపు. లోపల ఏయే తరంగాలు ఎంతెంత ఉన్నాయో ఆ అంకె చెప్పదు.

తెల్ల ఎల్ఈడీ లోపల ఉండేది నీలం చిప్పు, దాని వెలుగు 450 నానోమీటర్ల ప్రాంతంలో. దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. కొంత నీలం పూతను దాటి నేరుగా వస్తుంది, మిగతాది పూతలో పడి ఆకుపచ్చ నుంచి నారింజ దాకా పరుచుకున్న వెలుగుగా మారుతుంది. రెండూ కలిస్తే కంటికి తెలుపు. వర్ణపటం చూస్తే 450 దగ్గర నిటారు గుట్ట, 480 దగ్గర గొయ్యి, 550 నుంచి 600 దాకా వెడల్పాటి దిబ్బ, 650 దాటాక పలచబడిపోవడం. పాత ఫ్లోరసెంట్ ట్యూబు తీరు ఇంకోటి: 436, 546 దగ్గర పాదరసం గీతలు, మూడు ఫాస్ఫర్ల రకమైతే 611 దగ్గర ఎర్రగీత, మధ్యలో చాలాచోట్ల ఖాళీలు.

చూడాల్సిన అంకె సీఆర్ఐ, అంటే కలర్ రెండరింగ్ ఇండెక్స్. ఎనిమిది లేత రంగు నమూనాలను ఆ దీపం కింద ఒకసారి, ఆదర్శ వెలుగు కింద ఒకసారి లెక్కగట్టి సగటు తీస్తారు. పూర్తిగా సరిపోతే 100. కానీ ఆ ఎనిమిదింటిలో ముదురు ఎరుపు లేదు, దాన్ని ఆర్9 అని విడిగా లెక్కిస్తారు. సీఆర్ఐ 80 ఉన్న దీపానికి ఆర్9 సున్నా దగ్గర, ఒక్కోసారి సున్నాకు కింద కూడా ఉండొచ్చు. మిరపపండు ఎరుపు చీర ఆ దీపం కింద చచ్చుబడి కనిపిస్తుంది. ఏడురంగులు గారి లెక్కలో 660 దగ్గర వచ్చిన తేడా ఇదే.

ఫ్లోరసెంట్ ట్యూబు మీద 865 అని ఉంటే మొదటి 8 అంటే సీఆర్ఐ ఎనభైల్లో, 65 అంటే 6500 కెల్విన్. 965 అయితే తొంభై పైన. బట్టలు చూసే బల్ల మీదకు సీఆర్ఐ 90 పైన, ఆర్9 కనీసం 50, కెల్విన్ 5000 నుంచి 6500 మధ్య ఉన్నది తీసుకోండి. డబ్బా మీద సీఆర్ఐ రాయలేదంటే 80 కంటే ఎక్కువ ఆశించొద్దు. ఒకే బల్ల మీద వార్మ్, కూల్ రెండూ పెట్టడం అన్నిటికంటే చెడ్డ పని. మడత ఒక వైపు పసుపు, ఇంకో వైపు నీలం తేలి ఏదీ తేలదు.

#6 పడుగుపేక
జాకెట్టు కలవకపోవడానికి లైటుతో సంబంధం లేని కారణం ఇంకోటుంది. నెమలికంఠం రంగు చీర తీసుకోండి. పడుగు నీలం, పేక ఆకుపచ్చ, రెండూ వేర్వేరు చిలపలు. పట్టుపోగు నున్నగా ఉంటుంది కాబట్టి వెలుగు అద్దం మీద పడ్డట్టు ఒక దిక్కుకే తిరుగుతుంది. పోగు పొడవు వెంట చూస్తే ఒక మెరుపు, అడ్డంగా చూస్తే ఇంకో మెరుపు. చీరను నిలువుగా పట్టుకుంటే నీలం, పావు చుట్టు తిప్పితే ఆకుపచ్చ ఎగదన్నుతుంది. ఇలాంటి చీరకు ఒకే రంగు గుడ్డ ఏ లైటు కిందా అన్ని మడతలకూ కలవదు. కొంగులోంచి లేక చీరతో వచ్చిన ముక్కలోంచి కుట్టుకోవడమే సరైనది.

అసలు నెమలిలో ఇంకో వింత. ఈకలో నీలం రంగు మందే లేదు. లోపల నల్లటి మెలనిన్ కడ్డీలు వరుసగా పేర్చి ఉంటాయి. ఆ వరుసల మధ్య ఎడాన్ని బట్టి కొన్ని తరంగాలు ఒకదానికొకటి తోడై బయటికొస్తాయి. ఈకను మెత్తగా నూరితే నీలం పోయి గోధుమరంగు పొడి మిగులుతుంది.

#7 కంటిపాప
కన్ను గురించి మూడు మాటలు. మూడూ మ్యాచింగ్ బల్ల దగ్గర పనికొచ్చేవే.

వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపెక్కుతుంది, నీలం వెలుగు లోపలికి తక్కువ చేరుతుంది. అరవై దాటినవారికి నేవీ బ్లూ, నలుపు విడిగా తెలియకపోవచ్చు, తెలుపు, మీగడ రంగు ఒకటిగా అనిపించవచ్చు. అమ్మకు కలిసింది కూతురికి కలవలేదంటే ఎవరూ పొరపడలేదు. శుక్లం ఆపరేషన్ అయ్యాక తెలుపు నీలంగా కనిపిస్తోందని చెప్పేదీ ఈ కారణానికే.

రెండోది, చూపు సరిగ్గా కేంద్రీకరించే చోటు నడిమధ్యన 420 రకం శంకు కణాలు లేవు. సన్నటి దారప్పోగును చీర మీద పెట్టి నీలానికీ నలుపుకీ తేడా చూడమంటే కన్ను చెప్పలేదు. దారాన్ని అట్టముక్కకు అంగుళం వెడల్పున దగ్గరదగ్గరగా చుట్టి చూడండి.

మూడోది అలవాటు పడటం. ఎండలోంచి షాపులోకి రాగానే కన్ను ఆ గది తెలుపుకు సర్దుకోవడం మొదలుపెడుతుంది. కనీసం రెండు నిమిషాలు ఆగి అప్పుడు చూడండి. పది ఎర్రచీరలు వరుసగా చూశాక పదకొండోది చూస్తే ఎరుపుకు కన్ను మొద్దుబారి ఉంటుంది. మధ్యలో బూడిదరంగు గుడ్డో సిమెంటు గోడో కాసేపు చూస్తే తేరుకుంటుంది.

#8 కుట్టుమిషన్
దారం గురించి చెప్పింది చాలా ఉపయోగం. సరిగ్గా కలిసే రీలు దొరక్కపోతే ఒక వాసి ముదురు తీసుకోవాలి. రీలు మీద గుంపుగా ఉన్నప్పుడు ముదురుగా కనిపించిన దారం కుట్టులో ఒంటరిగా పడ్డాక లేతగా తేలుతుంది.

ఇంకో సందేహం. రాణీ రంగు హరివిల్లులో కనబడదేం?

#9 ఏడురంగులు
లేదు కాబట్టే కనబడదు. ఏ ఒక్క తరంగదైర్ఘ్యమూ రాణీ రంగును ఇవ్వదు. ఎరుపు రకం కణాలూ నీలం రకం కణాలూ గట్టిగా స్పందించి, మధ్యలోని ఆకుపచ్చ రకం వెనకబడితే మెదడు దాన్ని రాణీ అంటుంది. హరివిల్లులో ఎరుపు ఒక కొస, ఊదా ఇంకో కొస. రెండు కొసలూ కలిసే చోటు అక్కడ లేదు.

వక్కపొడి రంగూ అంతే, వక్కపొడి రంగు దీపం ఉండదు. చుట్టూ ఉన్నవాటికంటే మసకగా ఉన్న నారింజనే మనం ఆ పేరుతో పిలుస్తాం. గుడ్డను నల్లటి డబ్బాలో పెట్టి చిన్న కన్నంలోంచి, దాని మీదొక్కదాని మీదే గట్టి వెలుగు వేసి చూస్తే నారింజగా కనిపిస్తుంది.

హరివిల్లుకు ఏడు రంగులే అనడం కూడా లెక్క కోసం పెట్టుకున్నదే. న్యూటన్ సంగీతంలో స్వరాల మెట్లతో పోల్చి ఏడుగా విడగొట్టాడు, అక్కడ గీతలేమీ లేవు. 1672లో ఆయన ప్రచురించిన దాంట్లో గట్టి విషయం వేరు: పట్టకంలోంచి వచ్చిన ఒక్క రంగును కన్నంలోంచి రెండో పట్టకం మీదకు పంపితే అది మళ్ళీ విడిపోలేదు. గాజు వెలుగుకు రంగు పూయడం లేదు, ఉన్నవాటిని విడదీస్తోందని అలా తేలింది.

మాటల్లోనూ హద్దులు ఇలాగే జరుగుతాయి. మన "పచ్చ" ఆకుకూ చెల్లుతుంది, పసుపుకూ చెల్లుతుంది. ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ముందు మాట పెడితేనే తేలుతుంది. షాపులో ఒట్టి "పచ్చ జాకెట్టు" అని అడక్కండి.

#10 చందమామకథ
తెల్లపంచె ఎండలో మెరిసిపోతుంది, ఎల్ఈడీ కింద చప్పగా ఉంటుంది. ఇదీ మెటామెరిజమేనా?

#11 రంగులగుండిగ
కాదు, ఇది వేరే సంగతి. పంచెను తెల్లగా చూపించడానికి రెండు దారులున్నాయి. బట్టలకు పెట్టే నీలం అసలైన రంగే. గుడ్డలోని పసుపుఛాయను అది మింగేస్తుంది. పసుపు పోతుంది, కానీ మొత్తం వెలుగు కూడా కాస్త తగ్గుతుంది. ఎక్కువైతే పంచె నీలం తేలేది అందుకే.

రెండోది మిల్లులోనూ డిటర్జెంట్లలోనూ వేసే ఆప్టికల్ బ్రైట్నర్. అది కంటికి కనబడని అతినీలలోహిత వెలుగును, సుమారు 340 నుంచి 380 నానోమీటర్లది, పీల్చుకుని 435 ప్రాంతంలో నీలంగా బయటికి పంపుతుంది. అంటే పంచె తన మీద పడిన కనబడే వెలుగుకంటే ఎక్కువ వెలుగు తిప్పి పంపినట్టు అవుతుంది. ఎండలో అతినీలలోహితం ఉంది, మందు పనిచేస్తుంది. 450 చిప్పుతో చేసిన ఎల్ఈడీలో అది లేదు, మందు నిద్రపోతుంది. తెలుపుకు తెలుపు కలపాలంటే కిటికీ పక్కకు పోవడం తప్ప మార్గం లేదు.

#12 పిక్సెల్
ఫోటో పంపి రంగు అడిగేవారికి ఒక మాట. కెమెరాలోని మూడు ఫిల్టర్లు కంటిలోని మూడు రకాల కణాల్లాంటివి కావు. కంటికి కలిసిన రెండు గుడ్డలు ఫోటోలో విడిపోవచ్చు, విడిపోయినవి కలవచ్చు. ఫోటో తీర్పు చెప్పలేదు, సుమారుగా చూపిస్తుంది.

ఆ సుమారైనా బాగుండాలంటే: నీడపట్టున, కిటికీ వెలుగులో తీయండి. ఫ్లాష్ వద్దు. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను చేత్తో ఒకచోట నిలిపేయండి. ఆటోలో వదిలేస్తే ఫ్రేము నిండా ఎర్రచీర ఉన్నప్పుడు ఫోను దాన్ని దీపం ఎరుపనుకుని తగ్గించేస్తుంది. చీర పక్కన బూడిదరంగు కార్డు పెట్టండి. ప్రింటరు కాగితం వద్దు, పైన చెప్పిన బ్రైట్నర్ అందులోనూ ఉంటుంది. దీపం కింద తీయక తప్పకపోతే షట్టరు 1/50 లేదా 1/100 పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, చౌకరకం దీపం సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది, దానికి పొంతన లేని షట్టరుకు ఫోటోలో అడ్డచారలు పడతాయి. చూసేవాళ్ళు తమ ఫోనులో నైట్ మోడ్ ఆపేసి చూడాలి.

#13 కుట్టుమిషన్
షాపు లైటు మంచిదో కాదో అక్కడికక్కడ తెలుసుకునే చవక దారి ఉందా?

#14 ఏడురంగులు
ఉంది, పాత సీడీ చాలు. దాని మీద ట్రాకుల మధ్య ఎడం 1.6 మైక్రోమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 625 గీతలు. 60 డిగ్రీల గాజు పట్టకం 400 నుంచి 700 దాకా వెలుగును సుమారు ఒకటిన్నర డిగ్రీ మాత్రమే విడదీస్తుంది. కింద చెప్పినట్టు పెడితే సీడీ 20 డిగ్రీల దాకా విడదీస్తుంది.

ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్ల పొడవున్న అట్టపెట్టె తీసుకోండి, లోపలంతా నల్లకాగితం అంటించండి. ఒక కొసన చిన్న కిటికీ కోసి దాని మీద రెండు బ్లేడు ముక్కలు ఎదురెదురుగా, అంచులు పెట్టె అడుగుకు సమాంతరంగా అడ్డంగా ఉండేలా పెట్టండి. మధ్య సందు 0.2 మిల్లీమీటర్లు రావాలి. కొలవక్కర్లేదు, రెండు ప్రింటరు కాగితాలను మధ్యలో ఇరికించి బ్లేడ్లకు టేపు వేసి కాగితాలు లాగేయండి, సరిపోతుంది. వేళ్ళు జాగ్రత్త.

రెండో కొసన సీడీని మెరిసే ముఖం సందు వైపు, పైఅంచు వెనక్కి వాలేలా, అడుగుతో 60 డిగ్రీల కోణంలో నిలబెట్టండి. వెలుగు పడేది సీడీ కింది అంచు మధ్యభాగం మీద కావాలి, అక్కడ ట్రాకులు అడ్డంగా ఉంటాయి. సరిగ్గా దాని పైన పెట్టె మూతలో రెండు సెంటీమీటర్ల కన్నం. సందును దీపం వైపు పట్టి కన్నంలోంచి నిటారుగా కిందకు చూస్తే పసుపు ఎదురుగా ఉంటుంది. తల కొంచెం అటూ ఇటూ జరిపితే నీలం, ఎరుపు కనిపిస్తాయి. సూర్యుడి వైపు ఎప్పుడూ పట్టొద్దు. పగటి వెలుగు కావాలంటే ఎండ పడుతున్న తెల్లగోడను చూడండి.

#15 కుట్టుమిషన్
పెట్టె తయారైంది. రంగులొస్తున్నాయి కానీ అలికినట్టున్నాయి. చోక్‌కాయిల్ గారు చెప్పిన 480 గొయ్యి కనబడలేదు. సందు నిలువుగా పెట్టాను, దోషం అదేనా?

#16 ఏడురంగులు
అదే. సందు నిలువుగా, ట్రాకులు అడ్డంగా ఉంటే సందు పొడవంతటి బింబాలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. సందును పావు చుట్టు తిప్పండి. అప్పటికీ అలికినట్టుంటే సందు వెడల్పు ఎక్కువైంది, ఒకే కాగితంతో మళ్ళీ బిగించండి.

#17 కుట్టుమిషన్
తిప్పాను. ఎండ పడిన గోడ: ఎక్కడా తెగకుండా ఊదా నుంచి ముదురు ఎరుపు దాకా. గదిలో ఎల్ఈడీ: గట్టి నీలం, తర్వాత మసక పట్టీ, ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు త్వరగా ఆరిపోతోంది. మెట్ల దగ్గరున్న ట్యూబు: విడివిడి పట్టీలు, ఊదానీలం ఒకటి, ఆకుపచ్చ చాలా గట్టిగా, నారింజఎరుపు ఒకటి, మధ్యలో చీకటి.

#18 చోక్‌కాయిల్
సరిగ్గా చదివారు. మెట్ల దగ్గరిది మూడు ఫాస్ఫర్ల ఫ్లోరసెంట్, ఆ ఆకుపచ్చ 546 దగ్గరిది, ఎరుపు 611ది. గోడ మీద చూసిన ఎరుపు ఎంతదాకా వచ్చిందో గుర్తుపెట్టుకుని షాపులో దీపాన్ని దానితో పోల్చండి. ఎరుపు సగంలోనే ఆరిపోతే అక్కడ నేవీ, వంకాయ, మెరూన్, కాఫీపొడి రంగులు కలపొద్దు. గంధం, లేత చిలకపచ్చ లాంటివి ముందు అక్కడే చూసుకోవచ్చు, వాటికి ఆ కొస ఎరుపు మీద ఆధారం తక్కువ.

#19 రంగులగుండిగ
ముదురు రంగులకు ఇంకో కారణం కూడా కలపండి. నేవీ మొత్తం మీద తిప్పి పంపేదే మూడు నాలుగు శాతం. అందులో ఒక్క శాతం అటూ ఇటూ అయితే పావు నుంచి మూడో వంతు దాకా తేడా. లేత రంగులో అదే ఒక్క శాతం కంటికి ఆనదు.

గుమ్మం దగ్గరకు తెచ్చినప్పుడు చూసే తీరు: ఉదయం పదికీ మధ్యాహ్నం మూడుకీ మధ్య, నేరుగా ఎండ పడని చోట. చీర, గుడ్డ అంచులు తాకేలా, మధ్యలో గీత కూడా కనబడకుండా ఒకే తలం మీద పరవండి. రెండిటి పడుగూ ఒకే దిక్కున ఉండాలి. వెలుగు పైనుంచి పడుతుంటే కన్ను ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల్లో చూడాలి. కుడి ఎడమలు మార్చి మళ్ళీ చూడండి. కట్టుకున్న చీర రంగు, గుమ్మానికి వేసిన ఆకుపచ్చ పరదా లాంటివి కూడా గుడ్డ మీద పడతాయి, పక్కకు జరగండి. జరీ అంచు కనబడకుండా మడిచిపెట్టండి, ఆ మెరుపు పక్కన ఏ నీలమైనా నల్లబడినట్టే ఉంటుంది.